ఈలై కొనిపెట్టిన వంతు

ఒహాయోలో ఒక చిన్న ఊరు. మే నెల, శనివారం మధ్యాహ్నం. వెర్న్ కోవాచ్ ఇంటి కారు షెడ్డులో బల్ల మీద ఫోను స్పీకర్లో పెట్టి ఉంది.

“అదేం కుదరదు వెర్న్. ఇంట్లో కూర్చుని ఫోన్లో ఆడతానంటే ఎట్లా? పదకొండుమందిమి బౌలింగ్ హాలు వెనక గదిలో నీ మొహం కోసం కూర్చున్నాం. ఏడాదికోసారి వచ్చే పండగరా ఇది!”

“నడుం పట్టేసింది గస్.”

“పోయినేడు పంటి నొప్పి. అంతకుముందు మీ ఆవిడ చెల్లెలికి జ్వరం. ఈసారి నడుమా?”

“నా ఒళ్ళు, నా నొప్పులు. నీకు టైర్ల కొట్టుంది, నీ టైర్లు నువ్వు చూసుకో.”

“సరే, సరే. కొత్త కుర్రాళ్ళలో ఎవర్ని తీసుకుంటున్నావో చెప్పెయ్. మొదటి వంతు నీది. నువ్వు నోరు తెరిస్తే గానీ మిగతావాళ్ళ బండి కదలదు. కోడి రెక్కలు చల్లారిపోతున్నాయి. సల్లీ గాడు అప్పుడే రెండు పళ్ళేలు లాగించేశాడు.”

“ఆలోచించుకోనీ.”

“ఏం ఆలోచన! గాల్లో వచ్చే బంతిని ఆ ప్రూయిట్ కుర్రాడిలాగా అందుకునేవాడు ఈ పదేళ్ళలో... అంటే... చూడు వెర్న్, నా ఉద్దేశం...”

“నీ ఉద్దేశం నీ దగ్గరే పెట్టుకో.”

“పెట్టుకుంటా. పెట్టుకున్నా. ఆ మార్షల్ ఓక్స్ ఉన్నాడుగా, బంతి చంకలో పెట్టుకుని ఎద్దులా దూసుకెళ్ళేవాడు. వాడూ మంచోడే. వాణ్ణి తీసుకో. ఎవరూ ఏమీ అనుకోరు.”

“...”

“వెర్న్? ఉన్నావా? కిటికీలోంచి పిట్టల్ని చూస్తున్నావా?”

“ఎవరో వచ్చారు. ఉండు.”

“ఎవర్రా?”

“మీటరు చూసేవాడు. మైకు నొక్కేస్తున్నా, నా మాట వినపడదు నీకు. ఉండు.”

“శనివారం మీటరేంటిరా...”

“మిస్టర్ కోవాచ్? లోపలున్నారా అండీ?”

“ఎవరది?”

“నేనండీ. డారియన్ ప్రూయిట్‌ని.”

“ఓహో. టీవీలో వచ్చేవాళ్ళు. మా షెడ్డుకి దయచేశారు.”

“ఆ తలుపు ఇంకాస్త పైకెత్తుతారా అండీ?”

“వంగితే సరిపోతుంది. అందరూ వంగే వస్తారు.”

“కొంచెం ఎత్తండి సార్. ప్లీజ్.”

“...రండి. కారేది?”

“పోస్టు డబ్బా దగ్గర ఆపానండీ. వాకిట్లోకి తేవడం బాగుండదని.”

“ఎవరింటికైనా వాకిట్లోకే తెస్తారు కార్లు. కూర్చోండి. ఆ పెయింటు డబ్బా మీద.”

“పర్లేదండీ.”

“దుమ్మని భయమా? అంత ఖరీదైన ప్యాంటా?”

“అది కాదండీ. నించుంటాను.”

“...ఆ మూల ఎత్తు స్టూలుంది. దానికి ఆనుకోండి.”

“థాంక్సండీ. ఇది ఈలై సైకిలు కదా. చైను...”

“ముట్టుకోకండి.”

“లేదు సార్. ముట్టుకోను.”

“వాడే ఊడదీశాడు చైను. ఆదివారం బిగిస్తానన్నాడు. అట్లాగే ఉంది.”

“మీటరు చూసేవాణ్ణా సార్ నేను? బయటికి వినపడింది.”

“మరేం చెప్పమన్నారు? మా అబ్బాయిని కారెక్కించుకుని తీసుకెళ్ళినవాడు వచ్చాడనా? చెప్పండి. ఏం పని? ఊరి మొదట్లో మీ బొమ్మ కట్టారు, చూశారా? లారీ అంత ఉంది. ‘మా ఊరి బిడ్డ పెద్ద జట్టులోకి’ అని. నేను సరుకులకి వెళ్ళాలంటే దాని కిందనించే వెళ్ళాలి. ఇప్పుడు పాతచెరువు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోతున్నా.”

“తీయించేస్తాను సార్.”

“ఎందుకు? ఊరు కట్టుకుంది. ఊరికి మీరు కావాలి.”

“చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోతానండీ. ఇవాళ మీ పన్నెండుమందీ కొత్తవాళ్ళని ఎంచుకునే రోజని అమ్మమ్మ చెప్పింది. గస్ గారి కొట్లో టైరు మార్పించుకుంటుంటే విన్నదట. మొదటి వంతు మీదని...”

“అయితే?”

“నన్ను తీసుకోకండి.”

“ఏమన్నారు?”

“నన్ను తీసుకోవద్దండీ. అది చెబుదామనే వచ్చాను.”

“తీసుకుంటానని ఎవరు చెప్పారు మీకు? ఏం, నేను కలగన్నానా? ఈ ఆటంటే ఏంటో తెలుసా అసలు?”

“తెలుసండీ. ఈలై చెప్పేవాడు. నిజంగా మైదానంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళని మీరు మీ పేరున రాసుకుంటారు. వాళ్ళక్కడ పాయింట్లు కొడితే ఇక్కడ మీ జట్టుకి వస్తాయి.”

“అంతేనా?”

“మిగతా ఊళ్ళల్లో ఏడాది కాగానే చెరిపేసి మళ్ళీ మొదలెడతారు. మీది అట్లా కాదు. ఒకసారి రాసుకుంటే, వాడు ఆట మానేదాకా మీ వాడే.”

“ఆఁ. అదీ సంగతి. పదేళ్ళో, పన్నెండేళ్ళో. ప్రతి ఆదివారం పొద్దున లేస్తూనే వాడు బాగున్నాడా, చీలమండ వాచిందా, రాత్రి నిద్రపోయాడా అని చూసుకోవాలి. వాడు పరిగెత్తితే నేను చప్పట్లు కొట్టాలి. వాడు పడితే నా గుండె జారాలి. మీకు నేను చప్పట్లు కొట్టాలా? మీకు?”

“వద్దండీ. అందుకే ఓక్స్‌ని తీసుకోండి. వాడితో ఒకసారి ఆడాను. నిజంగా మంచివాడు.”

“ఆ మొదటి వంతు నాకు ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా?”

“...తెలుసండీ.”

“చెప్పండి మరి. మీ నోటితో చెప్పండి.”

“ఈలై కొన్నాడు. గస్ గారి దగ్గర. మీ జట్టులో అందరికంటే గొప్పవాణ్ణి, ఆ బంతి విసిరేవాణ్ణి, గస్ గారికి ఇచ్చేశాడు. బదులుగా ఐదేళ్ళ తర్వాత రాబోయే ఆయన వంతు రాయించుకున్నాడు.”

“నేను స్నానానికి వెళ్ళాను. తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోన్లోనే అమ్మేసి కూర్చున్నాడు! పదహారేళ్ళ వెధవ. నా నోట మాట రాలేదు. గస్ గాడు ఆనందం పట్టలేక తన కొట్టంతా గంతులు. గంతులెయ్యడా మరి? ఐదేళ్ళ తర్వాత వంతంటే గాలి మూటగట్టి అమ్మినట్టే. ఆ తర్వాత అందరూ కలిసి రూలు పెట్టారు, అంత దూరపు వంతులు అమ్మకూడదని. ఈలై రూలంటారు దాన్ని.”

“నాకు ఫోన్ చేశాడండీ ఆ రోజు.”

“ఏమన్నాడు?”

“ఎందుకులెండి.”

“ఏమన్నాడు?”

“‘లెక్కేశాన్రా డారీ. నువ్వు కాలేజీ ముగించి పెద్ద ఆటలోకొచ్చేది ఆ ఏడే. నిన్ను ఇప్పుడే కొనేశా’ అన్నాడు.”

“నాతోనూ అదే కూత. ‘నాన్నా, డారీ వస్తాడు. మనమే తీసుకోవాలి. ఒట్టెయ్’ అని.”

“వేశారా?”

“వీపు చీరేద్దామనుకున్నాను. ఒట్టేశాను. గస్ జట్టు పోయినేడు అట్టడుగున పడింది. చివరొచ్చినవాడి వంతు ముందు, అదీ మా పద్ధతి. ఆ గాలి మూట కాస్తా మొదటి వంతై కూర్చుంది. వాడుంటే... వాడుంటే ఈ షెడ్డు పైకప్పు లేచిపోయేది ఇవాళ. నన్ను ఊరంతా ఊరేగించేవాడు, ‘మా నాన్నకి ఏం తెలీదు, నేనే చేశా’ అని.”

“వెర్న్! ఒరేయ్ వెర్న్! బతికే ఉన్నావా? మీటరు మరీ అంత తిరిగిందా?”

“ఉండండి, నొక్కుతాను... ఆఁ, చెప్పు గస్.”

“ఏం లేదు. తొందరేం లేదు. సల్లీ అడగమన్నాడు, ఆ వంతు తనకిస్తే ఇద్దరు ఆటగాళ్ళనీ, వచ్చే ఏడు తన వంతునీ ఇస్తాడట.”

“అమ్మేది కాదది.”

“తెలుసు. వాడడగమన్నాడు, నేనడిగా. ఇంకోటి... వెర్న్, మేమంతా మాట్లాడుకున్నాం. ఆ ప్రూయిట్ కుర్రాణ్ణి నువ్వు వదిలేస్తే మాలోనూ ఎవరం తీసుకోం. చివరి వంతు దాకా ఎవరూ తీసుకోరు. ఏ ఆదివారమూ మా ఎవరి నోటా వాడి పేరు నీ చెవిన పడదు.”

“ఎవరి తెలివిది?”

“సల్లీ.”

“సల్లీనా? మంచి ఆటగాడు దొరుకుతాడంటే వాళ్ళమ్మని తాకట్టు పెడతాడు వాడు!”

“వాడే ముందన్నాడు. అన్నాక బయటికెళ్ళి సిగరెట్టు కాల్చుకుని వచ్చాడు. వాడు మానేసి రెండేళ్ళయింది కదా.”

“...ఇంకాసేపు గస్.”

“ఎంతసేపైనా. రెక్కలు మళ్ళీ వేయిస్తాంలే.”

“నొక్కేశాను. విన్నారుగా. అదీ మీ పరపతి ఆ హాల్లో.”

“మంచిదేనండీ. అట్లాగే చెయ్యమనండి.”

“ఎందుకంత సంతోషం మీకు? మనిషన్నవాడు నన్ను తీసుకో, నన్ను తీసుకో అంటాడు. మీరేంటి, వద్దని చెప్పడానికి ఇంత దూరం కారేసుకొచ్చారు?”

“నా వల్ల మీకు ఇంక ఏ నష్టమూ రాకూడదని.”

“ఇంక?”

“సార్...”

“ఇంక ఏముందని పోవడానికి? ఆ సైకిలా?”

“నేను ఆ రోజు కారు వేగంగా నడపలేదు సార్.”

“చెప్పొద్దు.”

“ఒక్కసారి చెప్పనివ్వండి. నేను...”

“చెప్పొద్దన్నానా! తెలుసు. పోలీసులు కొలిచారు. రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉంది. వంతెన దాటగానే దుప్పి అడ్డమొచ్చింది. ఎవరు నడిపినా అంతే అన్నారు. నాకన్నీ తెలుసు.”

“మరి...”

“మరేంటి? తెలిస్తే తగ్గుతుందా? నువ్వు చేసిన తప్పేంటో చెప్పనా? బతికొచ్చావు. అంతే. ఇంకేం చెయ్యలేదు నువ్వు. చర్చి గుమ్మంలో చంకకర్రల మీద నించున్నావు, తెల్ల చొక్కా వేసుకుని. నిన్ను చూసి పక్క తలుపులోంచి వెళ్ళిపోయాను నేను. నా కొడుకు శవపెట్టె వెనక నడవాల్సినవాణ్ణి, కార్లు ఆపుకునే చోటకి పోయి నించున్నాను.”

“చూశానండీ.”

“చూశావా?”

“మిమ్మల్నే చూస్తున్నాను అప్పుడు. మీరొచ్చి రెండు పీకుతారేమో, పీకితే బాగుండునని. ఇప్పుడైనా పీకండి సార్.”

“ఊరుకో. పీకడానికి నాకు ఓపిక లేదు. కాఫీ తాగుతావా? పొద్దుటిది. బురదలా ఉంటుంది.”

“ఇవ్వండి.”

“చక్కెర లేదు. అది లొరెయిన్ లోపల పెట్టింది.”

“మిసెస్ కోవాచ్ బాగున్నారా?”

“ఉంది. మా చెల్లెలితో మొక్కలు కొనడానికి పోయింది. ఆవిడ సంగతి నీకు తెలీదు. నీ కాలేజీ మ్యాచిలు ఒక్కటీ వదల్లేదు. పడగ్గది తలుపేసుకుని, టీవీ గొంతు నొక్కేసి. ఏం చూస్తున్నావే అంటే వంటల కార్యక్రమం అనేది. వంటల కార్యక్రమానికి ఎవరైనా మంచమెక్కి గంతులేస్తారా? కింద నాకు సున్నం రాలేది నెత్తిమీద.”

“మీరు?”

“నేనేం చూళ్ళేదు.”

“అవునండీ. ఎందుకు చూస్తారు.”

“పక్కూరి బార్లో చూశాను. నన్నెవరూ ఎరగని చోట.”

“...ఎన్ని?”

“అన్నీ. బంతి జారవిడిచినవి కూడా. ఆ వాన పడ్డ రోజు ఒకటి వదిలేశావు చూడు, చేతిలోకొచ్చిన దాన్ని! గ్లాసు పగలగొట్టి డబ్బు కట్టి వచ్చాను.”

“తడి బంతండీ అది.”

“బంతిననకు. పోయిన శరత్కాలం చివరి నాలుగైదు ఆటల్లో, ఎడమకి తిరగాల్సి వచ్చినప్పుడల్లా ఒక అడుగు ముందే ఆగుతున్నావు. ఎందుకు?”

“లేదే సార్. మామూలుగానే తిరిగాను.”

“సరే. నా కళ్ళద్దాలు మార్చుకోవాలేమో.”

“కాఫీ నిజంగానే బురదలా ఉందండీ.”

“చెప్పాగా.”

“సార్, నేను అసలు వచ్చింది... ఇంకో మాట చెప్పాలి మీకు.”

“ముందు నేనడిగిందానికి చెప్పు. కార్లో ఏం మాట్లాడుకున్నారు?”

“ఎప్పుడండీ?”

“ఎప్పుడో నీకు తెలుసు. ఇన్నేళ్ళూ ఎవర్నీ అడగలేదు. అడగాలంటే నిన్నే అడగాలి. నిన్ను చూడలేను. మరెవర్ని అడగను? వంతెననా? చెప్పు. వాడు ఏం మాట్లాడుతున్నాడు?”

“మీ గురించేనండీ.”

“నా గురించా? తిడుతున్నాడా?”

“అయ్యో, లేదు సార్. ఆ రోజు ఆటలో సగం అయ్యాక మీరు మా స్కూలు జట్టు మీద అరిచారు గుర్తుందా? ‘మోకాళ్ళు! మోకాళ్ళు వంచండ్రా! ఫొటో దిగే పెళ్ళికొడుకుల్లా నిటారుగా నించుంటారేం!’ అని. టోపీ తీసి నేలకేసి కొట్టారు. అది గాలికెగిరి అవతలి జట్టువాళ్ళ నీళ్ళ తొట్లో పడింది.”

“పడింది. వాడే తెచ్చిచ్చాడు. నీళ్ళు కారుతుంటే నా నెత్తిన పెట్టి సలాం కొట్టిపోయాడు.”

“అదే చేసి చూపిస్తున్నాడండీ. సీట్లో ఇట్లా వంగి, అచ్చం మీ గొంతుతో. ఆ దగ్గుతో సహా. మిమ్మల్ని అనుకరించడం వాడికి బాగా వచ్చు. ‘మోకాళ్ళు, డారీ, మోకాళ్ళు!’ అంటున్నాడు. నవ్వుతున్నాడు. నావైపే తిరిగి ఉన్నాడు సార్. ఆ దుప్పిని వాడు చూడనే లేదు.”

“భయపడలేదా?”

“లేదు. భయపడే టైమే లేదు వాడికి.”

“తర్వాత? నొప్పి? డాక్టరు లేదన్నాడు. డాక్టర్లు తండ్రులకి అట్లాగే చెబుతారు.”

“నేను పక్కనే ఉన్నాను సార్. నా కాలు ఇరుక్కుపోయింది, వాడి చెయ్యి పట్టుకునే ఉన్నాను అందరూ వచ్చేదాకా. నొప్పి లేదు. ఒట్టు. అప్పటికే... లేదు.”

“చెయ్యి పట్టుకున్నావా?”

“వదల్లేదండీ. వాళ్ళే విడదీశారు.”

“...ఆ తువ్వాలిటు ఇవ్వు. అది కాదు, అది నూనెది. ఆ పక్కది.”

“ఇదిగోండి.”

“మా జట్టుకి వాడు పెట్టిన పేరదే, తెలుసా? ‘మోకాళ్ళు వంచు’. నన్నేడిపించడానికి. ఏటా గస్ ఆ పేరు పైకి చదవగానే హాలంతా గొల్లున నవ్వేది. పేరు గట్టిగా చదివితేనే వంతు చెల్లుతుంది, అది మా పద్ధతి. ఇప్పుడు ‘మో’ అనగానే అందరూ గ్లాసుల్లోకి చూస్తారు. అందుకే పోవట్లేదు నేను. నడుమూ లేదు, పన్నూ లేదు.”

“పేరు మార్చేయకపోయారా?”

“మారిస్తే వాడు ఊరుకుంటాడా? అయితే ఓక్స్‌నే తీసుకోమంటావు.”

“అవునండీ.”

“వచ్చే పదేళ్ళూ ఆ ఓక్స్ గాడి పిక్కల గురించి దిగులు పడుతూ బతకాలి నేను.”

“మంచి పిక్కలండీ. చెట్టు మొదళ్ళలా ఉంటాయి.”

“నవ్వించకు.”

“సార్, ఆ ఇంకో మాట. మీరు గస్ గారితో మాట్లాడేలోపు చెప్పాలి. అసలు అందుకే...”

“తర్వాత.”

“తర్వాత కాదండీ, ముందే...”

“తర్వాతన్నానా? ఇదిగో, మైకు నొక్కా. గస్! ఉన్నావా?”

“ఉన్నా, ఉన్నా! ష్, అందరూ నోళ్ళు మూయండి! చెప్పు వెర్న్.”

“జట్టు పేరు చదువు ముందు.”

“చదవాలా? ఈసారికి వదిలేద్దాం లేరా.”

“చదువు. పద్ధతి పద్ధతే.”

“...మోకాళ్ళు వంచు. మొదటి వంతు.”

“ఎవరూ నవ్వలేదేం?”

“వెర్న్...”

“మళ్ళీ చదువు. గట్టిగా. నవ్వమను వాళ్ళని. నవ్వడానికే పెట్టాడు మావాడు ఆ పేరు.”

“మోకాళ్ళు వంచు! మొదటి వంతు!... విన్నావా? సల్లీ నవ్వాడు. ఏడుస్తూ నవ్వాడు, అది లెక్కలోకొస్తుందా?”

“వస్తుంది. రాసుకో. డారియన్ ప్రూయిట్.”

“సార్!”

“ఏమన్నావు? ఎవరన్నావు?”

“చెవుల్లో టైర్లు పెట్టుకున్నావా? ప్రూయిట్. మన ఊరివాడు. డారియన్ ప్రూయిట్.”

“వద్దు సార్! గస్ గారూ, రాయకండి! ఆపండి!”

“ఎవరది? మీటరువాడా?”

“నేనండీ, డారియన్ని. రాయకండి. నా మోకాలు పోయింది.”

“ఏంటి బాబూ?”

“పోయిందండీ. కారు ప్రమాదమప్పుడు వేసిన స్టీలు కడ్డీ దగ్గర ఎముక లోపల్లోపలే అరిగిపోయిందట. మొన్న కొత్తవాళ్ళ శిబిరంలో ఎడమకి తిరుగుతూ పడిపోయాను. లేవలేకపోయాను. జట్టు డాక్టర్లు చూశారు, బయటి డాక్టరూ చూశాడు. ఇంక ఆడలేనన్నారు. ఎప్పటికీ. సోమవారం పేపర్లవాళ్ళకి చెబుతారు. అమ్మమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. మిస్టర్ కోవాచ్, నేను ఒక్క ఆట ఆడను. ఒక్కటి కూడా. ఇది చెబుదామనే వచ్చాను, మీరు చెప్పనివ్వలేదు. ఈలై వంతు నా మీద తగలెయ్యకండి. దండం పెడతాను.”

“దేవుడా... వెర్న్, విను. నోటి నుంచి వచ్చిన పేరు వెనక్కి లేదని రూలు. ఆ రూలు పెట్టింది నేనే, నేనే తీసేస్తున్నా. ఇక్కడ ఒక్కడు నోరెత్తడు. ఓక్స్ పేరు రాయనా?”

“రాయి.”

“ఓక్స్‌నేగా?”

“ప్రూయిట్‌ని.”

“ఒరేయ్, ఆ కుర్రాడు ఆడడట్రా! ఒక్క పాయింటు రాదు నీకు. ఉన్న చోటు కాస్తా వృథా!”

“నా జట్టు, నా చోటు. రాసి రెక్కలు తినండి.”

“వెర్న్, నా మాట...”

“వచ్చే ఏడు హాలుకి నేనే వస్తా. నాకో నాలుగు రెక్కలు ఉంచండి, సల్లీకి దూరంగా. ఉంటా.”

“సార్, ఎందుకు చేశారిది? జాలా?”

“జాలి పడేంత మంచివాణ్ణి కాదు నేను. ఆ కప్పు అక్కడ పెట్టి, స్టూలు ఇటు జరుపు.”

“ఊరంతా నవ్వుతుంది మిమ్మల్ని. సోమవారం ఆ బొమ్మ తీసేస్తారు. నన్నెవరూ... నా వల్ల మీ మొదటి వంతు కూడా పోయింది. తలుపు దగ్గరే చెప్పేసి ఉండాల్సింది సార్.”

“సార్ ఏంటి? ఎవరికి సార్?”

“...కోచ్.”

“ఆఁ. కాలు ఇటు చాపు.”

“మీరు కింద కూర్చోకండి కోచ్, మీ నడుం...”

“నడుం బానే ఉంది. చాపు. ప్యాంటు పైకి లాగు.”

“గస్ గారికి మళ్ళీ ఫోన్ చేద్దాం. తెలియక అనేశానని చెప్పండి. ఆయన మారుస్తారు. తెలియక తీసుకున్నారని అందరికీ...”

“తెలియకా? పోస్టు డబ్బా దగ్గర కారు దిగి నువ్వు నడిచొస్తుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ నడకకి ఇంక మైదానం లేదని అప్పుడే తెలిసింది. చిన్నప్పట్నుంచీ మీ ఇద్దరి మోకాళ్ళకీ పట్టీలు కట్టినవాణ్ణి, నాకు తెలీదుట్రా డారీ?”